చెయ్యి బరువు

దేవుణ్ణి చూసి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో పుష్పలత రావడం లేదని పాలకుర్తి సోమేశ్వరుడు బెంగ పెట్టుకున్న దాఖలాలేమీ లేవు, ఆమె కూడా పెట్టుకోలేదు. అలాంటిది ఈ శుక్రవారం పొద్దున జనగామ బస్టాండులో బస్సెక్కి కిటికీ పక్కన సీటు దొరకబుచ్చుకున్నాక, తనకు ఇంత భక్తి ఉన్నట్టుండి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో విచారించడం మర్యాద కాదనిపించింది. భక్తి అన్నాక పుడుతుంది. ఎప్పుడు పుట్టాలో దానిష్టం. గుడి ఉన్న ఊళ్ళోనే తన దగ్గర సూదులు తీసుకునే రజిత ఇల్లు కూడా ఉండటం, ఆలోచిస్తే, రజిత తప్పు.

పొద్దున ఇంట్లో ఇదే మాట వచ్చింది.

"శుక్రవారం పూట గుడికేంది?" అన్నాడు భర్త వెంకట్రాజం, అల్లం చాయలో బిస్కెట్ ముంచుతూ. "సోమేశ్వరునికి సోమవారం గద పోతరు."

"సోమవారం మందెక్కువుంటరు. గంత మందిల నన్నేడ గుర్తుపడ్తడు?"

బిస్కెట్ చాయలో విరిగిపడింది, వెంకట్రాజం దాని వెనక పడ్డాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయనలో పుష్పలతకు బాగా నచ్చిన గుణం ఇదే. ఏ విషయాన్నీ చివరిదాకా పట్టుకోడు.

కండక్టర్ వచ్చి ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్ కొట్టిచ్చాడు. ఆమె దాన్ని మడిచి బ్యాగులో పెట్టింది. బ్యాగులో పైన కొబ్బరికాయ, ఊదుబత్తుల కట్ట, పసుపు కుంకుమ పొట్లాలు. అడుగున, దేవుడికి కనిపించనంత అడుగున, కాగితంలో చుట్టిన ఒక సూది.

పక్క సీట్లో కూర్చున్నావిడ అడిగింది. "ఎందాక?"

"పాలకుర్తి. గుడికి."

"మంచిది. మొక్కా?"

"మొక్కే" అంది పుష్పలత. ఒకసారి మొదలుపెట్టాక ఇలాంటివి వాటంతటవే నడుస్తాయని ఆమెకు అనుభవమే.

అసలు ఆమె ఎవరనుకుంటారు? జనగామ స్టేషన్ రోడ్డులో మ్యాచింగ్ సెంటర్ వాళ్ళది. ముందు కౌంటర్లో వెంకట్రాజం లైనింగులు, ఫాల్సులు చింపుతుంటాడు. వెనక, అద్దాల అలమర పక్కన, ఎత్తు స్టూలు మీద పుష్పలత. దారాలు, పూసలు, కుందన్లు ఎవరైనా అమ్ముతారు. సూది మాత్రం ఆమే ఇవ్వాలి. ఇవ్వాలి అంటే, అమ్మడం వేరు, ఇవ్వడం వేరు. వచ్చినవాళ్ళు ఫలానా సూది కావాలని అడగడానికి అక్కడ వీల్లేదు. దవాఖానకు పోయి ఫలానా గోళీ ఇమ్మని అడుగుతామా? ఏం గుడ్డ, ఏం దారం, ఏం పని అని ఆమె అడుగుతుంది. తర్వాత, "చెయ్యి చూపియ్" అంటుంది. వేలి కొసల్ని తన వేళ్ళతో నొక్కి చూసి, ఒక క్షణం మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి ఒక సీసా తీస్తుంది.

మ్యాటీ గుడ్డ మీద నెమలి కుట్టాలని వచ్చిన డిగ్రీ పిల్లకు మొన మొద్దుగా, బెజ్జం పొడుగ్గా ఉన్న సూది. మొన వాడిగా ఉంటే పోగుల సందులోంచి పోకుండా పోగునే చీలుస్తుంది. ఇంతవరకు విద్య. దీని మీద పుష్పలత తన సొంతం కొంత కలిపేది. "నీకు తొందరెక్కువ బిడ్డ. మొద్దు సూదితోని కుట్టు, నిదానమొస్తది." ఆ పిల్ల బిత్తరపోయి, నాకు తొందరెక్కువని ఈమెకెట్లా తెలిసిందని ఆశ్చర్యపడుతూ వెళ్ళేది. పంతొమ్మిదేళ్ళ పిల్లకు తొందర లేకపోతే కదా ఆశ్చర్యం. ముత్యాలు కుట్టే ఆమెకు వెంట్రుకంత పూసల సూది, "నీకు ఓపికుంది గని ఎవ్వరు గుర్తిస్తలేరు" అన్న ఒక మాట. ఆ మాట విన్న ఆడది ఈ మూడు జిల్లాల్లో ఇంతవరకు ఒక్కతీ కాదనలేదు. సూదితో పాటు వచ్చే ఆ మాట కోసమే సగం మంది వస్తారని పుష్పలతకు తెలుసు. మనుషులకు తామెవరో ఎవరైనా చెప్పాలి. గుడ్డలో పని జరిగినా జరగకపోయినా, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని చెప్పాలి.

ఇంకో సంగతి, ఆమె సూదుల్ని కంపెనీ అట్టల్లో ఉంచేది కాదు. సరుకు రాగానే అట్టల్లోంచి తీసి, హోమియో మందుల చిన్న సీసాల్లో పోసి, అట్టలు పొయ్యిలో వేసేది. అట్ట మీద అంకె ఉంటుంది. అంకె తెలిసిన మనిషికి పుష్పలతతో పనేముంది? ఏ హన్మకొండలోనో కొనుక్కుంటుంది, లేదా ఫోన్లో నొక్కి తెప్పించుకుంటుంది. సీసాల మీద చీటీలు కూడా లేవు. ఏ సీసాలో ఏముందో ఆమె తలలో ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ తల ఒక్కసారీ తప్పు పోలేదు.

ఒక్కసారీ, అంటే, పోయిన నెల వరకు.

బస్సు ఊరు దాటి పత్తి చేల మధ్యకు వచ్చింది. పక్కావిడ కునికిపాట్లు పడుతోంది. పుష్పలత కిటికీలోంచి బయటకు చూస్తూ, తప్పు ఎవరిదో మరోసారి న్యాయంగా ఆలోచించడం మొదలుపెట్టింది. న్యాయంగా ఆలోచిస్తే మొదటి ముద్దాయి కొత్త కంపెనీ. చేతికుట్టు సూదుల్లో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మిషను సూదుల్లో అంకె పెరిగేకొద్దీ లావెక్కుతుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయం. ఈ కంపెనీ పుణ్యాత్ములు మాత్రం చట్రానికి గుడ్డ బిగించి చేత్తో కుట్టే మగ్గం పని సూదులకు మిషను లెక్క పెట్టారు. పద్నాలుగు అని ఉంటే సన్నదనుకుని ఆమె సన్న సీసాలో పోసింది. అట్టను ఎప్పట్లాగే పొయ్యిలో వేసింది. మగ్గం సూది చివర చిన్న కొక్కెం ఉంటుంది. ఆ కొక్కెం వెంట్రుకవాసి పెద్దదైనా కంటికి ఆనదు. పట్టుకు మాత్రం ఆనుతుంది. కింది నుంచి దారంతో పాటు గుడ్డ పోగును కూడా పైకి లాక్కొస్తుంది.

ఆ సీసాలోంచి సూదులు తీసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ వాళ్ళంతా సన్న జరీ పనో, మందపాటి గుడ్డ మీద పనో చేసేవాళ్ళు, వాళ్ళకేమీ కాలేదు. ఒంటిపోగు దారంతో పల్చటి పట్టు మీద పని చేసేది ఒక్క రజితే. కాబట్టి రెండో ముద్దాయి రజిత. అంత సన్న పని ఎవరు చేయమన్నారు?

ఎవరు చేయమన్నారో పుష్పలతకు గుర్తుంది. అందుకే ఆ ఆలోచనను అక్కడ ఆపి, పత్తి ఈసారి బాగానే కాసినట్టుందని అనుకుంది.

ఏడేళ్ళ కింద రజిత మొదటిసారి షాపుకు వచ్చినప్పుడు పైట కొంగును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. మొగుడు ఐలేశ్ ఆటో నడుపుతాడు. ఇంట్లో కూర్చుని మగ్గం వర్క్ చేయాలనుంది, వస్తుందో రాదో తెలీదు. పుష్పలత చెయ్యి పట్టి చూసి, "చెయ్యి అల్కగున్నది బిడ్డ, పట్టు మీద చెయ్యి" అంది. పట్టుకు సరిపడే తేలిక చెయ్యని ఎందుకన్నదో ఇప్పుడు గుర్తులేదు, సన్న సూదులు ఎక్కువ నిలవున్నాయేమో. ఆ మాట మీద రజిత ఏడేళ్ళు బతికింది. పాలకుర్తి చుట్టుపక్కల పెళ్ళిపిల్లల జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగానే పోయాయి. ఎవరైనా మెచ్చుకుంటే, "మా జనగామ అమ్మ చెప్పింది, నా చెయ్యి అల్కగుంటదట" అనేది. ఊరికే అన్న మాట కూడా ఏడేళ్ళు మోస్తే నిజమవుతుంది కాబోలు. పని నిజంగానే అద్భుతంగా ఉండేది.

మొన్న సోమవారం అదే రజిత ఒక పట్టు జాకెట్ గుడ్డ మడిచి పట్టుకుని వచ్చింది. షాపులో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఆ ముగ్గురూ లేకపోయుంటే సంగతి వేరుగా ఉండేదని పుష్పలత అనుకోవడానికి ఇష్టపడుతుంది.

"అమ్మా, జర ఇది చూడుండ్రి. మెడ సుట్టూత పోగులు లేస్తున్నయి. నిరుడు గిసొంటి పట్టు మీదనే నాలుగు చేసిన, ఒక్కటి గిట్ల కాలె."

పుష్పలత గుడ్డను వెలుతురుకు పెట్టి చూసింది. తామరపూల తీగ మధ్యమధ్యలో పట్టుపోగులు చిన్న చిన్న ఉచ్చుల్లా లేచి ఉన్నాయి.

"పోయినసారి తీస్కపోయిన సూది..." అని ఆగింది రజిత.

"సూదికేమైంది?"

"ఏం గాలె. ఊకనే అడుగుతున్న. గా సూది వెట్టినప్పటి సంది గిట్లయితుందని."

ముగ్గురు ఆడవాళ్ళూ దారపుండలు చూడటం మానేశారు. ఒకావిడ అప్పటిదాకా బేరమాడుతున్న ముత్యాల పొట్లాన్ని మెల్లగా కౌంటర్ మీద పెట్టింది. పెట్టడంలో ఏమీ లేదు. కానీ పుష్పలతకు ఆ పొట్లం పెట్టిన చప్పుడు పెద్దగా వినిపించింది.

"చెయ్యి చూపియ్" అంది.

రజిత చెయ్యి చాపింది. పుష్పలత వేలి కొసలు నొక్కింది. ఎప్పటికంటే ఎక్కువసేపు నొక్కింది.

"చెయ్యి బరువైంది బిడ్డ."

"అట్లెట్లమ్మ?"

"అయితది. ముప్పై దాటినంక కొందరికి గంతే. మనసుల బరువుంటే చేతికొస్తది. ఏమన్న మనసుల వెట్టుకున్నవా?"

రజిత ఆలోచించింది. భూమ్మీద ఎవరిని ఆపి ఈ ప్రశ్న అడిగినా ఒక్క నిమిషం ఆలోచిస్తే ఏదో ఒకటి దొరుకుతుంది. ఆమెకూ దొరికింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అవునమ్మ. ఈ నడుమ నిద్ర వడ్తలేదు. గదే కావచ్చు."

"గదే" అంది పుష్పలత. ముత్యాల ఆవిడ నిట్టూర్చి, పొట్లం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. రజిత వెళ్తూ వెళ్తూ, తప్పు తన చేతిదని చెప్పినందుకు దండం కూడా పెట్టింది.

అప్పటికి పుష్పలతకు నిజంగా తెలీదు. ఈ విషయంలో ఆమె తనకు తాను చాలా గట్టి సాక్షి. తెలీదు. కొంచెం అనుమానం వచ్చి ఉండవచ్చు. అనుమానం వస్తే సీసా తెరిచి చూడవచ్చు. చూడలేదు కాబట్టి అనుమానం రాలేదు.

బుధవారం అదే కంపెనీ నుంచి రెండో పార్సెల్ వచ్చింది. విప్పింది వెంకట్రాజం. లోపలి కాగితం చదివి, చాలా తమాషా విషయం కనిపెట్టినట్టు నవ్వాడు.

"చూసినవా పుష్పా, వీడు అంకెలు తిప్పి వెట్టిండు. పెద్ద అంకంటే లావట. ఎవలన్న పరేషానైతరు గద."

"నాకు తెల్వదా" అంది పుష్పలత. "మొదటి రోజే చూసిన."

ఆయన మళ్ళీ తన లైనింగుల్లో పడిపోయాడు. ఆమె సన్న సీసా తెరిచి, ఒక సూది తీసి, కొక్కేన్ని చూపుడువేలి మీద రాసి చూసింది. చర్మానికి తట్టింది. మంచి సూది తట్టదు. సీసా మూసి, దాన్ని అలమర పై అరలో, ఎవరి చెయ్యీ అందని చోట పెట్టింది. దాంతో సమస్య తీరిపోయిందని ఆ రాత్రి అన్నం తిని పడుకుంది కూడా.

గురువారం పెద్దవంగర సుమలత వచ్చింది. ఆమెదీ మగ్గం పనే. జరీ, అద్దాలు, లావు పని. కూర్చోకముందే చెప్పేసింది.

"అమ్మా, నేను రెండో మగ్గం వెడ్తున్న. రజితది తీస్కుంటున్న. ఆమె ఇగ చెయ్యదట. చెయ్యి వోయిందట గద."

"ఎవరన్నరు?"

"మీరే అన్నరట. ఊరంత చెప్పుకున్నది. హన్మకొండల ఏదో బట్టల మాల్ ఉన్నదట, చీరెలు మడతవెట్టే కొలువు, సోమవారం నుంచి పోతదట. రేపు పొద్దుగాల వోయి మగ్గం తెచ్చుకుంట."

"చెయ్యి బరువైతే మానుకొమ్మన్ననా నేను?"

"మీరనలె. పాపం, ఆమెనే మానుకున్నది. పెండ్లోల్ల ముంగట ఇజ్జత్ వోకముందే మానుకునుడు నయం అన్నది."

ఇదీ సంగతి. ఇందుకే దేవుడి మీద భక్తి.

పాలకుర్తిలో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఎదురుగా గుట్ట, గుట్ట మీద గుడి. పుష్పలత మెట్లవైపు చూసి, ముందు కింది పని చూసుకుని తర్వాత పైకి వస్తానని మనసులో చెప్పుకుంది. బస్సులో దారి పొడుగునా ఒక వాక్యం తయారుచేసి పెట్టుకుంది. "తప్పు సూదిది, నీ చేతిది గాదు." చాలా చిన్న వాక్యం. దాన్ని ఎలా మొదలుపెట్టాలన్నదే మిగిలింది. కానీ ఆటో స్టాండ్ దాటుతుండగా ఆమెకు ఇంకా మంచి వాక్యం దొరికింది. బరువు చేతుల కోసం ప్రత్యేకంగా ఒక సూది వచ్చిందని చెప్పి సరైన సూది ఇస్తే సరి. పట్టు పాడవదు. రజిత మగ్గం నిలబడుతుంది. తన మాటా నిలబడుతుంది. ఎవరికీ నష్టం లేని ఇంత చక్కటి అబద్ధం బస్సులో ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపడింది.

రజిత ఇంటి ముందు అత్త లక్ష్మీనర్సమ్మ కందులు చెరుగుతోంది. తలెత్తి చూసింది.

"ఎవలది? సూదులమ్మ లెక్కున్నది."

"నేనే అవ్వ. గుడికొచ్చిన, ఇటుకెల్లే గద అని..."

"గుడి అటున్నది గదనే తల్లి" అంది లక్ష్మీనర్సమ్మ, చాటతో గుట్టవైపు చూపిస్తూ. "సరే తియ్. లోపటికి రా. నీ మాటతోని కోడలు కొలువుకు వోతుంది. నాకు పొద్దున పెండతట్ట ఎత్తెటోల్లు లేరు."

ముందు గదిలో సగం చోటు మగ్గానిదే. సుమలత అప్పటికే వచ్చి గోడకానుకుని కూర్చుని చాయ తాగుతోంది. చట్రానికి పాడైన పట్టు గుడ్డ ఇంకా బిగించే ఉంది. రజిత ఒక చివర కూర్చుని గుడ్డను చట్రానికి కట్టిన దారాలు ఒక్కొక్కటే విప్పుతోంది. పుష్పలతను చూసి గబుక్కున లేచింది.

"అమ్మా, మీరొచ్చినరా."

ఆ గొంతులోని గౌరవం పుష్పలతకు గుచ్చుకోవాల్సింది. మొదట మాత్రం హాయిగానే అనిపించింది. అలా అనిపించినందుకు కొంచెం సిగ్గేసింది. ఆ సిగ్గును సర్దుకోవడానికి వెంటనే బ్యాగు తెరిచింది. కొబ్బరికాయ పక్కకు జరిపి, కాగితం పొట్లం బయటకు తీసింది.

"ఇగో బిడ్డ. హైదరాబాద్ నుంచి ప్రత్యేకంగ తెప్పిచ్చిన. బరువు చేతులకు వేరే సూది ఉంటది. దీంతోని చెయ్యి, పోగు లేవదు. ఇగ కొలువు గిలువు వెట్టుకోకు."

రజిత పొట్లం తీసుకుంది. విప్పలేదు.

"వద్దమ్మ. సూది మంచిదే ఇస్తరు మీరు. ఎప్పుడన్న చెడ్డదిచ్చినరా? చేతిల లేకపోతే సూదేం చేస్తది. ఇయ్యాల గీ సూది, రేపు ఇంకో సూది. ఎవలదో పిల్ల పెండ్లి జాకెట్ మీద నేనెందుకు నేర్చుకోవాలె మల్ల."

"ఒకసారి పెట్టి చూడరాదు."

"ధైర్యం లేదమ్మ. సూది వట్టుకుంటె చెయ్యి వణుకుతుంది ఇప్పుడు. గప్పుడు వణకకపోతుండె. మీరు చెప్పినంకనే తెలిసింది." నవ్వడానికి ప్రయత్నించింది. "మాల్ల చీరెలు మడతవెడ్త. చీరెకేం గాదు గద."

సుమలత చాయ గ్లాసు కింద పెట్టింది. "మంచిదేనక్క, ఏసీల కూసుంటవ్."

"ఏడ కూసుండుడు, పన్నెండు గంటలు నిలవడాలె" అంది లక్ష్మీనర్సమ్మ గుమ్మంలోంచి. "పోను రెండు బస్సులు, రాను రెండు బస్సులు. ఈమె ఏసీల ఉంటే, నా చేతి వంట తిని ఇంట్లోల్లు రెండు రోజులకే దవాఖానల వడ్తరు."

పుష్పలత చాప మీద కూర్చుంది. వాక్యం గొంతు దాకా వచ్చింది. మంచి వాక్యం, పొద్దున్నే తయారుచేసుకున్న వాక్యం. సుమలత ఎదురుగా ఉంది. సుమలతకు చెబితే పెద్దవంగరకు, తొర్రూరుకు, ఆదివారం కల్లా చిల్పూరు గుట్ట దాకా తెలుస్తుంది. తెలిస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. ఇకమీదట చెయ్యి చూపియ్ అంటే నవ్వుతారు. అట్ట మీద అంకె చూపించమంటారు. ఎత్తు స్టూలు మీద కూర్చున్న యాభై రెండేళ్ళ కోమటింటి ఆడది, సూదులమ్మే మనిషి. అంతే మిగులుతుంది. అంతే ఉన్నది కూడా, బహుశా మొదటి నుంచీ. కానీ ఉన్నది అంతే అని తెలియడం ఒకటి, అది అందరి ముందూ పెట్టడం ఇంకొకటి.

"అమ్మా, ఒక్కటి అడుగుత" అంది రజిత. "కోపం జెయ్యకుండ్రి."

"అడుగు."

"నేను వాడిన సూది ఇదే." చట్రం పక్కన డబ్బాలోంచి పిడిలో బిగించిన సూది తీసింది. "గుడ్డ ఇదే. వెనక ముక్క ఇంక మంచిగనే ఉన్నది. ఒక్కసారి మీ చేతితోని మీరు కుట్టి చూపియ్యుండ్రి. గంతే. మీ చేతిల మంచిగొస్తే ఇగ నాకు ధీమైతది. లేకపోతే ఏంటంటె, రాత్రిపూట ఊకె అదే ఆలోచన. నా చెయ్యేనా, నిజంగ నా చెయ్యేనా అని. మగ్గం ఇచ్చినంక గూడ గదే ఆలోచనుంటది."

పుష్పలతకు ఒంట్లో ఎక్కడో ఒక బరువు దిగినట్టయింది. ఇక తాను ఏమీ చెప్పక్కర్లేదు. కుడితే చాలు, పోగు అదే లేస్తుంది, సంగతి అదే బయటపడుతుంది. నోటితో ఒప్పుకోవాల్సిన పని లేదు. దేవుడు గుట్ట మీంచే సాయం చేశాడని కూడా అనుకుంది. చట్రం దగ్గరకు జరిగి, ఎడం చేత్తో దారం కిందికి పట్టుకుని, కుడి చేత్తో సూది తీసుకుంది.

సూది గుడ్డలోకి దింపింది. కింది దారాన్ని కొక్కేనికి అందించింది. పైకి తీసింది.

గొలుసు కుట్టు నున్నగా, తేనెబొట్టులా కూర్చుంది. పోగు లేవలేదు.

రెండోది. లేవలేదు. మూడోది. లేవలేదు.

ఆమె తన చేతి వైపు చూసింది. అప్పుడు గమనించింది. ఆమె పని నేర్చుకున్న రోజుల్లో మంచి సూదులు దొరికేవి కావు. వరంగల్ మండిబజార్‌లో ముసలి ఉస్తాద్ దగ్గర, గరుకు కొక్కేల సూదులతో నేర్చుకుంది. పైకి తీసేటప్పుడు సూదిని కాస్త వెనక్కి వాల్చి, వేళ్ళ మధ్య చిన్న తిప్పు తిప్పితే కొక్కెం గుడ్డకు తగలకుండా వస్తుంది. ఇప్పటి పిల్లలకు అది తెలీదు, మంచి సూదులతో నేర్చుకున్నవాళ్ళకు ఆ అవసరం లేదు. షాపులో కూర్చున్న ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె మగ్గం ముట్టింది తక్కువే. ఆమె మర్చిపోయింది. చెయ్యి మర్చిపోలేదు. ఆమెను అడగకుండానే వాలింది, తిరిగింది, కాపాడింది. ఎవరిని కాపాడాలో దానికి బాగా తెలుసు.

"అగో" అంది లక్ష్మీనర్సమ్మ, చాట పట్టుకునే లోపలికి వచ్చి. "ఎట్ల వోతుందో సూడు వెన్నల వోయినట్టు. సూదులమ్మ సూదులమ్మనే. ఏడేండ్ల సంది కూసుని ఏం నేర్చినవే నువ్వు?"

"చూసిన అత్తమ్మ" అంది రజిత మెల్లగా.

సుమలత ముందుకు వంగి చూసి, మగ్గం మోయడానికి ఎందరు మనుషులు కావాలా అన్నట్టు చట్రాన్ని ఒక చేత్తో ఎత్తి దించింది.

పుష్పలత తలెత్తింది. రజిత మొహంలో ఏడుపు ఉంటుందనుకుంది. ఏడుపు లేదు. ఎన్నాళ్ళ నుంచో నిద్రపోని మనిషికి ఎట్టకేలకు మంచం దొరికినట్టు ఆ మొహం స్థిమితపడుతోంది. తన చెయ్యి పనికిరాదని ఆమె ఇప్పుడు పూర్తిగా నమ్మింది. సోమవారం బస్సెక్కుతుంది. చీరెలు మడతపెడుతుంది. ఇక ఎప్పటికీ అడగదు. పుష్పలత కూడా లేచి, కొంగు దులుపుకుని, గుట్ట ఎక్కి కొబ్బరికాయ కొట్టి, మధ్యాహ్నం బస్సుకు ఇంటికి పోవచ్చు. ఈ కుట్టులో ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. కుట్టమంటే కుట్టింది.

"చాలమ్మ" అంది రజిత. "మీకు శ్రమైంది. లేవుండ్రి, చాయ వెడ్త."

"ఆగు" అంది పుష్పలత.

సూదిని మళ్ళీ గుడ్డలో దింపింది. కింద దారం చుట్టింది. చెయ్యి అప్పుడే వెనక్కి వాలబోతోంది, వేళ్ళు తిప్పుకు సిద్ధమవుతున్నాయి. ఎడం చేతిని కింది నుంచి తీసుకొచ్చి, కుడి మణికట్టును గట్టిగా పట్టుకుంది. సూదిని నిలువుగా నిలిపింది. రజిత ఎలా పట్టుకుంటుందో, ఏ మంచి పనివాడైనా మంచి సూదిని ఎలా నమ్మి పట్టుకుంటాడో అలా. అలాగే, నిటారుగా, పైకి లాగింది.

దారంతో పాటు పట్టుపోగు ఒకటి టిక్కుమని లేచి వచ్చింది.

రజిత పోగు మీదికి వంగి చూసింది. పుష్పలత ఆ పోగును సర్దలేదు. మణికట్టు వదలకుండా, దాని పక్కనే ఇంకోసారి సూది దింపింది.